గిమ్‌హేలో కొత్త కాపురం

ఊరు మారడం మన కుటుంబాలకు కొత్త కాదు. హోసూరులో మాకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, బెంగళూరు బస్సెక్కితే కన్నడం, ఆఫీసులో ఇంగ్లీషు. షోలాపూరులో మగ్గాలు నేసిన మనవాళ్ళు మరాఠీ నేర్చుకున్నారు. బరంపురం వాళ్ళు ఒడియా మాట్లాడతారు. యానాం పెద్దల్లో ఫ్రెంచి వచ్చినవారున్నారు. అందుకే మా అల్లుడికి కొరియాలో ఉద్యోగం దొరికి, 2024 ఫిబ్రవరిలో మా అమ్మాయి, మనవరాలు కూడా అతని దగ్గరకు వెళ్ళినప్పుడు, "ఇంకో భాష, అంతేగా!" అని ధైర్యంగానే ఉన్నాం. మార్చి నెలాఖరున బ్యాంకుకు సెలవు పెట్టి నేనూ మా ఇంటావిడా వెళ్ళి రెండు నెలలు ఉండి వచ్చాం. చదువుల కోసం, కొలువుల కోసం మన పిల్లలు ఇప్పుడు ఇలాంటి ఊళ్ళకు కూడా వెళుతున్నారు కనుక, అక్కడ కొత్త కాపురం ఎలా కుదురుకుంటుందో పాఠకులతో నాలుగు మాటలు పంచుకోవాలనిపించింది.

గిమ్‌హే దక్షిణ కొరియాకు ఆగ్నేయ మూలన, పుసాన్ మహానగరాన్ని ఆనుకుని ఉన్న ఊరు. జనం అయిదు లక్షల పైచిలుకు. రెండు ఊళ్ళనూ కలుపుతూ డ్రైవరు లేని చిన్న రైలు 2011 నుంచి నడుస్తోంది. ఊరి చుట్టూ చిన్న చిన్న ఫ్యాక్టరీలు. అలాంటి ఒకదానిలో మా అల్లుడు ఇంజనీరు. నేపాల్, వియత్నాం, శ్రీలంక, ఉజ్బెకిస్తాన్ వంటి దేశాల కార్మికులు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఆదివారం దోంగ్‌సాంగ్ పేటకు వెళితే నాలుగైదు లిపుల్లో బోర్డులు కనిపిస్తాయి. కందిపప్పు, గోధుమపిండి, చింతపండు మాకు దొరికింది అక్కడే. తెలుగు మాట మాత్రం ఆ రెండు నెలల్లో మా ఇంట్లో తప్ప ఎక్కడా వినబడలేదు.

ముందు పేరు కుదరాలి

కొరియాలో మూడు నెలలకు మించి ఉండే విదేశీయుడు, వచ్చిన 90 రోజులలోగా ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో పేరు నమోదు చేయించుకుని కార్డు తీసుకోవాలి. ఫోను కనెక్షను, బ్యాంకు ఖాతా, ఇంటి అగ్రిమెంటు, ఆరోగ్య బీమా, అన్నీ ఆ కార్డు మీద నడిచేవే. బీమా అక్కడ ఐచ్ఛికం కాదు. ఆరు నెలలకు మించి ఉండే విదేశీయులందరికీ 2019 జూలై నుంచి జాతీయ ఆరోగ్య బీమా తప్పనిసరి చేశారు. మాలాగ చుట్టపు చూపుగా వెళ్ళేవాళ్ళకు అది వర్తించదు. ప్రయాణ బీమా ఇక్కడే తీసుకుని వెళ్ళాలి.

మనవాళ్ళకు చిక్కంతా పేరు దగ్గర వస్తుంది. తమిళనాడు అలవాటు ప్రకారం మా అమ్మాయి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో నా పేరుంది. అల్లుడి పాస్‌పోర్టులో వాళ్ళ నాన్నగారి పేరు, మనవరాలి దానిలో అల్లుడి పేరు. ఒక ఇంట్లో ముగ్గురికి మూడు ఇంటిపేర్లు! కొరియాలోనూ మన పాత పద్ధతిలాగే ఇంటిపేరు ముందు, పిలిచే పేరు తరువాత. పెళ్ళయినా ఆడవాళ్ళ ఇంటిపేరు మారదు. అందుచేత మొగుడూ పెళ్ళాల పేర్లు వేరుగా ఉండటం వాళ్ళకు వింతగా తోచలేదు. తండ్రీ కూతుళ్ళ ఇంటిపేర్లు వేరుగా ఉండటమే అర్థం కాలేదు. పెళ్ళి సర్టిఫికెట్టు, పుట్టిన సర్టిఫికెట్టు మన విదేశాంగ శాఖ చేత అపోస్టిల్ ముద్ర వేయించి తీసుకువెళ్ళారు కనుక సరిపోయింది. ఆ కాగితాలు ఇక్కడ వారం పది రోజుల్లో అయ్యే పని. అక్కడికి వెళ్ళాక తెప్పించుకోవాలంటే మాత్రం నెలలు పడుతుంది.

తరువాత ఫోను దుకాణంలో అమ్మాయి పేరు రెండు మాటల మధ్య ఖాళీ లేకుండా ఎక్కించారు. బ్యాంకులో ఖాళీతో ఎక్కింది. రెండూ ఒకే మనిషివని బ్యాంకు యాప్ ఒప్పుకోలేదు. సరిచేయించడానికి మూడుసార్లు తిరిగింది. ముప్ఫై ఏళ్ళుగా కౌంటరుకు ఇవతల కూర్చున్న నాకు ఇది కొత్త సంగతి కాదు. ఆధార్‌లో ఒక అక్షరం, పాన్‌లో ఒక అక్షరం అని మనమూ ఖాతాదారును తిప్పి పంపిస్తూనే ఉంటాం. కొత్త ఊళ్ళో నిలబడి కౌంటరు అవతలి నుంచి చూస్తే ఆ ఒక్క అక్షరం ఎంత బరువో తెలుస్తుంది.

భోగ్యం ఇల్లు

కొరియా లెక్కలు మొదట తికమక పెడతాయి. మనకు లక్ష, కోటి ఉన్నట్టు వాళ్ళకు మాన్, ఒక్. మాన్ అంటే పదివేలు, ఒక్ అంటే పది కోట్లు. మన లక్ష వాళ్ళకు పది మాన్, మన కోటి వెయ్యి మాన్. రూపాయికి సుమారు 16 వాన్లు వేసుకుంటే, కోటి వాన్లంటే మన ఆరు లక్షల పైన.

ఇల్లు తీసుకోవడానికి అక్కడ రెండు పద్ధతులు. డిపాజిట్ కట్టి నెలనెలా అద్దె ఇచ్చేది వోల్సే. అద్దె లేకుండా ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చి, గడువు తీరాక అంతా వెనక్కి తీసుకునేది జోన్సే. బెంగళూరు, హోసూరు వాళ్ళకు ఇది వేరే చెప్పనక్కరలేదు, మన భోగ్యమే! అయితే అక్కడి మొత్తం ఇంటి ధరలో సగానికి మించి ఉండటం మామూలు.

ఏప్రిల్‌లో ఒక బ్రోకరు ఆరు కోట్ల వాన్ల జోన్సేకు ఒక ఇల్లు చూపించాడు. విల్లా అన్నారు కదా అని బంగళా అనుకోకండి. అక్కడ విల్లా అంటే నాలుగంతస్తుల చిన్న కట్టడంలో ఒక వాటా. నెలనెలా అద్దె ఉండదని పిల్లలకు ఆశ పుట్టింది. వాళ్ళ పొదుపు, అమ్మాయి పేర మేము వేసిన డిపాజిట్లు, మిగిలినది అక్కడి బ్యాంకు అప్పు. అంటే ఆ ఇంట్లో ఉన్నదంతా ఆ ఒక్క అగ్రిమెంటులోకి పోతుంది.

ఇంటి రిజిస్టరు నకలు చూపించమని అడిగాను. మన ఈసీ లాంటిదే, తమిళంలో విల్లంగం అంటామే, అది. అక్కడ కొద్దిపాటి రుసుముతో ఎవరి ఇంటిదైనా ఎవరైనా తీసుకోవచ్చు. ఒక భాగంలో యజమాని వివరం, మరో భాగంలో ఇంటి మీదున్న తనఖాలు. బ్రోకరు ఏదీ దాచలేదు, కాగితం మా ముందు పెట్టాడు. బ్యాంకు తనఖా తొమ్మిది కోట్ల వాన్లకు ఉంది. ఆ ఇల్లు అమ్మితే పదమూడు కోట్లు రావచ్చునని బ్రోకరే చెప్పాడు. రేపు యజమాని అప్పు కట్టలేక ఇల్లు వేలానికి వస్తే ముందు బ్యాంకు తొమ్మిది తీసుకుంటుంది. మిగిలేది నాలుగు, మన పిల్లలకు రావలసింది ఆరు. వేలంలో అసలు ధర పలకదన్న సంగతి వేరే! ఈ కూడికా తీసివేతా ఒక కాగితం మీద వేసి అల్లుడి చేతికిచ్చాను. అతను రెండుసార్లు చూసుకుని, "మామయ్యా, వద్దులెండి" అన్నాడు.

ఇది ఊరికే భయపడటం కాదు. ఇళ్ళ ధరలు తగ్గిన 2022, 2023 సంవత్సరాలలో డిపాజిట్లు తిరిగి రాక కొరియాలో ఎన్నో కుటుంబాలు వీధిన పడ్డాయి. వాళ్ళలో ఎక్కువమంది కొత్తగా కాపురం పెట్టిన కుర్రవాళ్ళు. బాధితుల కోసం 2023 జూన్‌లో ఒక ప్రత్యేక చట్టమే తెచ్చారు.

చివరకు కోటి వాన్ల డిపాజిట్, నెలకు యాభై మాన్ అద్దెతో వేరే ఇల్లు కుదిరింది. డిపాజిట్ కాపాడుకోవడానికి అద్దెకున్నవారు చేయవలసినవి మూడు. ఇంట్లో దిగాలి, కొత్త చిరునామా ఆఫీసులో నమోదు చేయాలి, అగ్రిమెంటు మీద తేదీ ముద్ర వేయించుకోవాలి. విదేశీయులైతే ఇల్లు మారిన 15 రోజులలోగా చిరునామా తెలపాలి. కానీ హక్కు మొదలయ్యేది నమోదు చేసిన మర్నాటి నుంచే కనుక దిగిన రోజే వెళ్ళడం మంచిది. తరువాత ఎక్కిన తనఖా కంటే అప్పుడు మన డిపాజిట్ ముందుంటుంది. చిన్న డిపాజిట్లలో కొంత భాగం బ్యాంకు కంటే ముందే చెల్లించాలన్న రక్షణ కూడా చట్టంలో ఉంది. మా అమ్మాయి సామాను ఇంకా విప్పకుండానే ఆ ముద్ర వేయించుకుని వచ్చింది.

చెత్త సంచీ, కింది ఇంటి పెద్దావిడ

ఇల్లు కుదిరాక మొదటి పరీక్ష చెత్త దగ్గర. 1995 నుంచి అక్కడ చెత్తకు సంచీ లెక్కన డబ్బు కట్టే పద్ధతి ఉంది. ఊరి పేరు అచ్చేసిన సంచీ కొనుక్కుని దానిలోనే వేయాలి. కాగితం, గాజు, ప్లాస్టిక్ దేనికదే. తిండి చెత్త విడిగా. దానిలోనూ ఉల్లిపొట్టు, గుడ్డుపెంకు, ఎముకలు వేయకూడదు. పశువు తినగలదా లేదా అన్నది గుర్తు. మా వంటింట్లో కరివేపాకు రెబ్బ, చింతగింజ ఏ లెక్కలోకి వస్తాయో తెలియక మా ఇంటావిడ రెండు రోజులు తర్జనభర్జన పడింది.

కింది ఇంటి పెద్దావిడ ఒకరు ఒక సాయంత్రం అమ్మాయి చేతిలోని సంచీ తీసుకుని, కింద కూర్చుని, అన్నీ వేరుచేసి చూపించింది. మాట ఒక్కటీ అర్థం కాలేదు, పని అంతా అర్థమయింది. మర్నాడు మా ఇంటావిడ నిమ్మకాయ ఊరగాయ పంపిస్తే, రెండు రోజులకు ఒక డబ్బా కిమ్‌చీ వచ్చింది. శాకాహారులకు ఒక మాట: మామూలు కిమ్‌చీలో రొయ్యల ఉప్పు గానీ చేపల రసం గానీ ఉంటుంది. అడిగి తినాలి.

కనబడగానే ఆవిడ అడిగే మాటకు అర్థం "అన్నం తిన్నారా?" అట. ఇంకేం, ఆ మాటతో మా ఇంటావిడకు దేశం సగం అలవాటయింది. వరుసలూ మనవే అనిపిస్తాయి. తండ్రి అన్నను ‘పెద్ద నాన్న’ అనీ, తమ్ముణ్ణి ‘చిన్న నాన్న’ అనీ అర్థం వచ్చే మాటలతోనే పిలుస్తారు. హోటల్లో వడ్డించే ఆవిడను ‘ఇమో’ అంటారు, అంటే పిన్ని. చెప్పులు బయట విడవాలి, పెద్దలకు ఏదైనా రెండు చేతులా ఇవ్వాలి. ఇవి మన పిల్లకు ఎవరూ నేర్పనక్కరలేకపోయింది.

అక్షరాలు

కొరియా లిపిని రాజు సేజోంగ్ 1446లో ప్రకటించాడు. ఇప్పటికీ అక్టోబరు 9న ఆ లిపికి పండుగ చేస్తారు. 14 హల్లులు, 10 అచ్చులు. హల్లుకు అచ్చు చేర్చి ఒకే గడిలో రాయాలి. గుణింతం దిద్దినవాళ్ళకు ఇది కష్టం కాదు. మనం ‘ప’కు చిన్న గీత చేర్చి ‘ఫ’ చేసినట్టే, వాళ్ళూ ‘క’కు గీత చేర్చి ‘ఖ’ లాంటి అక్షరం చేస్తారు. పదిహేను రోజుల్లో నేను బస్సు మీద ఊరి పేరు చదవగలిగాను. మనకు కష్టం వచ్చేది మన పేర్లు రాసినప్పుడు. ‘శ్రీ’కి రెండు గడులు కావాలి, వేణు బేణు అవుతాడు.

ఆ ఊరికి మన దేశంతో ఒక పాత కథ కూడా ఉంది. అయుతా అనే దేశపు రాజకుమార్తె క్రీ.శ. 48లో ఓడలో వచ్చి గాయా రాజు సురోను పెళ్ళాడిందని 13వ శతాబ్దపు సంగుక్ యూసా గ్రంథం చెబుతుంది. అయుతా అంటే అయోధ్యేనని నమ్మేవారు 2001లో అయోధ్యలో ఆమెకు స్మారకం కట్టించారు. గ్రంథం పుట్టింది పన్నెండు వందల ఏళ్ళ తరువాత కనుక చరిత్రకారులు దీన్ని కథగానే చూస్తారు. రాజు సమాధీ రాణి సమాధీ గిమ్‌హేలోనే ఉన్నాయి. ఆమె పిల్లల్లో ఇద్దరికి తల్లి ఇంటిపేరు హో వచ్చిందని, అందుకే గిమ్‌హే కిమ్‌లూ హోలూ ఒకే రక్తమని, వియ్యమందకూడదని ఆచారం. సగోత్రం అన్నమాట! ఒకే వంశం వారి పెళ్ళిని నిషేధించిన చట్టం చెల్లదని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 1997లో తేల్చింది.

ఇంటి మాట

మనవరాలు 2017లో పుట్టింది కనుక 2024 మార్చిలోనే అక్కడి ఒకటో తరగతిలో చేరింది. మే నెలకల్లా నా ఉచ్చారణ దిద్దడం మొదలుపెట్టింది. కొరియాలోనూ తల్లిని ‘ఒమ్మా’ అంటారు. పిల్ల అలా పిలుస్తుంటే అది ఏ భాషో చెప్పలేం. కానీ ‘వద్దు’ అనవలసిన చోట వాళ్ళ మాట రావడం, కథ చెబుతుంటే సగంలో కొరియా బొమ్మల పుస్తకం తెచ్చుకోవడం కనబడుతూనే ఉంది. ముందు బడిభాష రానివ్వండి, లేకపోతే పిల్ల ఒంటరిదవుతుందని అల్లుడు. ఇప్పుడు వదిలేస్తే మళ్ళీ రాదని అమ్మాయి. ఇద్దరి మాటా నిజమే. ఇంట్లో దీని మీద గొంతులు పెరిగిన రోజులూ ఉన్నాయి.

హోసూరులో మనం తమిళ బడుల్లో చదివీ తెలుగు నిలుపుకున్నామంటే, వీధి నిండా తెలుగు ఉండబట్టి. అవ్వలు, పెళ్ళిళ్ళు, గుడి, సంఘం, అన్నీ ఉండబట్టి. గిమ్‌హేలో ఆ బరువంతా ముగ్గురి మీదే. బ్యాంకులో రెండేళ్ళు లావాదేవీ లేని ఖాతాను పక్కన పెట్టేస్తాం. డబ్బు ఎక్కడికీ పోదు, కానీ చేతికి రాదు. ఇంటి భాషా అంతే. రోజూ కొంతైనా వేయాలి, తీయాలి.

మేము బయలుదేరే ముందు ఒక ఒప్పందం చేసుకున్నాం. బడి, వీధి, స్నేహితులు కొరియా భాషలో. రాత్రి పడుకునే ముందు పదిహేను నిమిషాలు తెలుగులో. మనకంటే వాళ్ళు మూడున్నర గంటలు ముందు కనుక అక్కడి తొమ్మిది మనకు సాయంత్రం అయిదున్నర. ఆ వేళకు ఫోను వస్తుంది. నేను ఒక కథ చెబుతాను, మర్నాడు అది నాకు తిరిగి చెప్పాలి. మొన్న కథ మధ్యలో ఆపి, "పెరడు అంటే ఏమిటి తాతా?" అంది. వాళ్ళవ్వ ఫోను నా చేతిలోంచి తీసుకుని పెరట్లోకి వెళ్ళి కరివేపాకు చెట్టు, బావి గట్టు, ఆరేసిన బట్టలు అన్నీ చూపించింది.