ఢిల్లీ లేఖ: చీకటి కొట్టు ముందు కెమెరా

పార్లమెంటు ప్రెస్ గ్యాలరీలోకి కెమెరాకు ప్రవేశం లేదు. అందుచేత మా వృత్తిలోని వారికి కన్ను, కలం తప్ప వేరొక సాధనం అలవాటు కాదు. అయినా అండమాన్ దీవులకు వెళ్ళిన ఢిల్లీ విలేఖరి సెల్యులార్ జైలు ఫొటో లేకుండా తిరిగివస్తే ఇంటివారే క్షమించరు. 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో నేను బస చేసినది డెలానీపూర్‌లో. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ పట్టణంలో అనేకం. నా ఆతిథేయి అట్టి కుటుంబీకుడే. ఫిలిం రోజులలో ఫొటో స్టూడియో నడిపిన పెద్దమనిషి.

దేశమంతటికీ గడియారం ఒక్కటే గాని, సూర్యుడు ఆ ఉత్తర్వును పాటించడు. మన ప్రామాణిక కాలానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. ఈ పట్టణం ఉన్నది 92.7 డిగ్రీల వద్ద. అంటే సుమారు 40 నిమిషాల తేడా. డిసెంబరులో 5 గంటలకే ప్రొద్దు క్రుంకుతుంది. భూమధ్యరేఖకు చేరువ గనుక సంధ్య వెలుగు కూడ ఎంతోసేపు నిలవదు. ఢిల్లీలో సాయంకాలపు తేనీరు సేవించే వేళకు ఇక్కడ దీపాలు వెలుగుతాయి. కాబట్టి మసక వెలుతురులో స్పష్టమైన ఫొటో తీయడం ఈ ఊరివారికి విలాసం కాదు, నిత్యావసరం.

జైలులోనైతే పట్టపగలే సంధ్య. 1896లో ఆరంభించి 1906లో ముగించిన కట్టడం అది. ఏడు విభాగాలలో నేడు మిగిలినవి మూడు. ఒక్కొక్క ఖైదీకి ఒక్కొక్క కొట్టు, ఎదుట ఇనుప ఊచల తలుపు, వెనుక గోడకు అందనంత ఎత్తున ఒక చిన్న గవాక్షం. అల్లూరి సీతారామరాజు అనుచరుడైన గాం మల్లుదొర ఉరిశిక్ష తప్పి ఈ దీవుల చెరకు వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికైనారు. లోక్‌సభ చర్చలు వ్రాస్తూ జుట్టు నెరిసిన నాకు, అట్టివారు ఏ వెలుతురులో సంవత్సరాలు గడిపారో ఆ వెలుతురునే ఫొటోలో పట్టుకోవాలని కోరిక కలిగింది.

ఫ్లాష్ వాడితే సరిపోదా అని అడిగాను. పెద్దాయన నవ్వి, "బాబూ, చీకటంతా తుడిచేస్తే ఇంక జైలెక్కడుంటాది?" అన్నారు. అది చమత్కారం మాత్రమే కాదు. దూరం రెట్టింపైతే ఫ్లాష్ వెలుగు నాలుగోవంతుకు పడిపోతుంది. దగ్గరి ఊచలు సున్నం కొట్టినట్టు తెల్లబడతాయి, వెనుక గోడ కాటుకలో కలిసిపోతుంది. పొడుగాటి వరండాలో ఈ లోపం మరింత స్ఫుటం.

ఆయన చెప్పిన లెక్క ఇది. లెన్సు ద్వారం ఎఫ్ 4 వద్ద ఉన్నప్పుడు సెకనులో ఎనిమిదో వంతు సేపు వెలుగు కావాలనుకొందాం. అంతసేపు చేయి కదలకుండా పట్టడం మానవమాత్రునికి కష్టం. అదే ద్వారాన్ని ఎఫ్ 2కు తెరిస్తే నాలుగు రెట్ల వెలుగు వస్తుంది, 1/30 సెకను చాలు. ఐ.ఎస్.ఓ.ను 400 నుంచి 1600కు పెంచితే 1/125కు చేరవచ్చు. 50 మిల్లీమీటర్ల లెన్సును చేత్తో పట్టినప్పుడు 1/50 కంటె నెమ్మది కారాదని పాతకాలపు సూత్రం. అయితే ఏదీ ఉచితంగా రాదు. ద్వారం తెరిచినకొద్దీ స్పష్టంగా ఉండే లోతు తగ్గుతుంది. ఊచ మీద ఫోకస్ కుదిరితే గోడ మసకబారుతుంది. ఐ.ఎస్.ఓ. పెరిగినకొద్దీ నీడలలో ఇసుక చల్లినట్టు గరుకు కనిపిస్తుంది. నా మటుకు గరుకే నయం. గరుకు ఫొటోలో కొట్టు కనిపిస్తుంది, కదిలిన ఫొటోలో ఏదీ కనిపించదు.

కొట్టులో కదిలేది ఏదీ లేదు గనుక అసలు మందు స్టాండు. అనుమతి ఉన్నదో లేదో ముందే అడిగి తెలుసుకోవడం మర్యాద. లేనిచోట గోడ, గడప, మడిచిన తువ్వాలు ఉండనే ఉన్నాయి. మీట నొక్కిన వ్రేలే కెమెరాను కదుపుతుంది కాబట్టి రెండు సెకన్ల టైమరు పెట్టాలి. చీకట్లో కెమెరా తనంతట తాను ఫోకస్ వెదుక్కోలేక తడబడుతుంది. వెలుగు నీడలు కలిసే అంచును, అంటే గవాక్షపు చట్రాన్నో ఊచ అంచునో, దానికి చూపించాలి. నేటి సెల్‌ఫోను పలు ఫొటోలను వెంట వెంట తీసి ఒకటిగా కూర్చుతుంది. నిశ్చలమైన గోడకు అది అద్భుతం. నడిచే మనిషికి మాత్రం దయ్యపు నీడ తగిలించవచ్చు.

రాత్రి జరిగే ధ్వని, కాంతి ప్రదర్శనలో చిక్కు వేరు. ప్రేక్షకులలో పలువురు ఫ్లాష్‌లు మెరిపించారు. వాటికి దొరికేది ముందు వరుస వారి తలలే. నల్లని ఆకాశాన్ని చూచి కెమెరా మోసపోయి గోడను వెలవెలబోయేట్టు తెల్లగా చేస్తుంది; వెలుగు పడిన ఇటుకల మీద కొలత పెట్టి, కొంత తగ్గించుకోవాలి. రంగులు మారే మధ్యకాలంలో కాక, ఒక రంగు నిలిచిన క్షణంలో నొక్కాలి.

మరునాడు ఉదయం ఒక కొట్టు ఎదుట గడపకు కెమెరా ఆనించి, ఒకే దృశ్యాన్ని ఆరుసార్లు తీశాను. డెలానీపూర్‌కు తిరిగి వచ్చాక పెద్దాయన వాటిని కంప్యూటరులో పెద్దవి చేసి, ఊచ అంచును మాత్రమే చూస్తూ నాలుగింటిని త్రోసివేశారు. మిగిలిన రెండింటిలో గవాక్షం నుంచి దిగిన వెలుగు గోడ సగం వరకే వచ్చి ఆగింది. నేల కనిపించలేదు. కొంచెం వెలుతురు పెంచమందామా అని అడిగితే ఆయన వద్దన్నారు.