లెక్కల పుస్తకం మూసి సైకిలెక్కిన గ్వెన్

బిడ్డ ఆటల్లోకి వెళ్తానంటే మన ఇళ్లలో అమ్మీ నోట వచ్చే మొదటి మాట: "మరి ఉద్యోగం?" రెండోది: "పెళ్లయ్యాక ఇల్లెవరు చూస్తారు?" అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో 1986లో పుట్టిన గ్వెన్ జోర్గెన్సన్ కథ చదివితే ఈ రెండు ప్రశ్నలే గుర్తుకొస్తాయి.

చిన్ననాటి నుంచీ గ్వెన్‌కు ఈతంటే ప్రాణం. విశ్వవిద్యాలయంలోనూ ఈత జట్టులోనే చేరింది. అందులో పెద్దగా రాణించలేదు. తర్వాత పరుగు జట్టులోకి మారింది, దూరపు పరుగుల్లో పేరు తెచ్చుకుంది. అంతటితో ఆట ముగిసిందనుకుంది. అకౌంటింగ్‌లో పీజీ చేసి, మన చార్టర్డ్ అకౌంటెన్సీ వంటి పరీక్ష పాసై, ఎర్నెస్ట్ అండ్ యంగ్ సంస్థలో పన్నుల లెక్కలు చూసే ఉద్యోగంలో కుదురుకుంది. ఏ తల్లిదండ్రులకైనా ఇంకేం కావాలి?

అప్పుడే మాజీ ఒలింపిక్ క్రీడాకారిణి బార్బ్ లిండ్‌క్విస్ట్ నుంచి పిలుపు వచ్చింది. ఈత, పరుగు రెండూ తెలిసిన అమ్మాయిలను ట్రయథ్లాన్‌లోకి తేవడం ఆమె పని. ఒలింపిక్స్ ట్రయథ్లాన్ అంటే మాటలు కాదు. 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిల్, 10 కిలోమీటర్ల పరుగు, మూడూ ఆగకుండా ఒకదాని వెంట ఒకటి. గ్వెన్ మొదట తటపటాయించింది. రెండు వచ్చుగానీ మూడోది, పందెం సైకిల్, ఆమెకు కొత్త. అయినా ఉద్యోగం చేస్తూనే 2010లో బరిలోకి దిగింది. రెండేళ్లకే లండన్ ఒలింపిక్స్‌కు చేరింది. అక్కడ సైకిల్ టైరు పంక్చరైంది. వచ్చిన స్థానం 38.

ఇక రెండో ప్రశ్న దగ్గరికి వద్దాం. గ్వెన్ భర్త పాట్రిక్ లెమ్యూ స్వయంగా వృత్తి సైక్లిస్టు. ఆమె గురి 2016 రియో ఒలింపిక్స్ అని తేలాక అతను తన పందేలు మానేశాడు. వంట అతనిదే. సైకిల్ మరమ్మతు, ప్రయాణాల ఏర్పాట్లూ అతనివే. కోచ్ జేమీ టర్నర్ శిక్షణ కోసం ఏడాదిలో కొన్ని నెలలు ఆస్ట్రేలియాలో, కొన్ని నెలలు స్పెయిన్‌లో కాపురం. భార్య కోసం మగవాడు వంటింట్లో నిలబడటం మన పెద్దలకు వింతగా తోచవచ్చు. కానీ ఆ పతకంలో సగం ఆ పొయ్యి దగ్గరే తయారైందని నాకనిపిస్తుంది.

ఫలితం కనబడింది. 2014, 2015 సంవత్సరాల్లో ప్రపంచ చాంపియన్ ఆమే. మనవాళ్లు ఎందరో బతుకుతెరువు వెదుక్కున్న అబుధాబిలో 2015 మార్చిలో జరిగిన పోటీ కూడా ఆమెదే. రియోలో లండన్ విజేత, స్విట్జర్లాండ్‌కు చెందిన నికోలా స్పిరిగ్ చివరి పరుగులో ఆమె పక్కనే ఉంది. ఆఖరి చుట్టులో గ్వెన్ వేగం పెంచింది. 1 గంట 56 నిమిషాల 16 సెకన్లలో, 40 సెకన్ల తేడాతో గెలిచింది. ట్రయథ్లాన్‌లో అమెరికాకు అదే తొలి ఒలింపిక్ స్వర్ణం.

ఇక్కడ ఆగితే హాయిగా ఉండేది. ఆమె ఆగలేదు. 2017లో తల్లయింది. అదే ఏడాది ట్రయథ్లాన్ వదిలి మారథాన్‌లో స్వర్ణం తెస్తానని ప్రకటించింది. పాత పరుగు మీద మమకారం పోలేదు కాబోలు! 2018 షికాగో మారథాన్‌లో 2 గంటల 36 నిమిషాల 23 సెకన్లతో 11వ స్థానం వచ్చింది. మరుసటి ఏడు మడమకు శస్త్రచికిత్స. టోక్యో ఒలింపిక్స్‌కు ట్రాక్ మీద ప్రయత్నించినా జట్టులో చోటు దక్కలేదు. కొందరు దాన్ని తొందరపాటు అన్నారు. కావచ్చు. కానీ గెలిచిన చోటే కూర్చోవడం ఆమెకు చేతకాలేదు.

2022లో రెండో బిడ్డ పుట్టాక తిరిగి ట్రయథ్లాన్‌కే వచ్చింది. మరుసటి ఏడు ప్రపంచ కప్ పోటీల్లో మళ్లీ గెలిచింది. అప్పటికి ఆమెకు 37 ఏళ్లు. పారిస్ 2024 జట్టులో మాత్రం ఆమె పేరు లేదు. ఆ చోటు ఆమెకన్నా చిన్నవాళ్లకు దక్కింది.