ఐర్లండ్ ప్రయాణానికి పెట్టె సర్దేముందు

ఐర్లండ్ అట్లాంటిక్ మహాసముద్రంలోని ద్వీపం. కామారెడ్డి, ఎల్లారెడ్డి 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంటే, దాని రాజధాని డబ్లిన్ ఉన్నది 53 డిగ్రీల దగ్గర. అంత ఉత్తరాన ఉన్నా అక్కడ గడ్డకట్టే చలి తక్కువే. వెచ్చని సముద్ర ప్రవాహం, దాని మీదుగా వీచే పడమటి గాలులు ఆ దీవిని కాపాడుతున్నాయి. డబ్లిన్‌లో జనవరి పగలు 8 డిగ్రీలు, రాత్రి రెండు మూడు; జులై పగలు 20కి అటూ ఇటూ. కామారెడ్డి జిల్లాలోనూ డిసెంబరు తెల్లవారుజామున 10 డిగ్రీలకు దిగడం మామూలే. కాకపోతే ఇక్కడ పొద్దెక్కగానే చలి విడుస్తుంది, అక్కడ విడవదు. డిసెంబరులో ఎనిమిదిన్నర దాటాక తెల్లవారి, సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది.

అసలు ఇబ్బంది వాన. డబ్లిన్‌లో ఏడాదికి కురిసేది సుమారు 75 సెంటీమీటర్లే. 2025 ఆగస్టు చివరలో కామారెడ్డి జిల్లా అర్గొండలో ఒక్క రోజులోనే 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. మన దగ్గర కుండపోతగా పడి పోయే వాన అక్కడ పన్నెండు నెలలూ జల్లులుగా, గాలితో కలిసి పక్క నుంచి కొడుతుంది.

అందుకే గొడుగు కన్నా టోపీ ఉన్న, నీళ్లు దిగని జాకెట్ ముఖ్యం. బండి మీద వేసుకునే ప్లాస్టిక్ రెయిన్‌కోటు దానికి సాటిరాదు. లోపల చెమట పట్టి బట్టలు తడుస్తాయి. ఒక్క లావుపాటి స్వెట్టర్ కన్నా ఒంటికి అంటుకునే థర్మల్, దానిపైన పలుచని ఉన్ని స్వెట్టర్, ఆ పైన జాకెట్ వేసుకుంటే వెచ్చగా ఉంటుంది, బస్సెక్కాక ఒకటి విప్పుకోవచ్చు. జీన్స్ తడిస్తే ఒక పట్టాన ఆరవు, రెండు జతలు చాలు. నీళ్లు పీల్చని బూట్లు, ఉన్ని సాక్సులు తప్పనిసరి. బరువైన కోట్లు అక్కడే కొనుక్కోవడం మేలు.

కరెంటు మనలాగే 230 వోల్టులు. ప్లగ్గు పిన్నులు మాత్రం పలకగా ఉంటాయి, అడాప్టర్ కావాలి.

తిండి విషయంలో నిబంధన గట్టిది. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వచ్చే ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లకూడదు. అంటే చికెన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా ఇంట్లోనే ఉంచాలి. పచ్చి కరివేపాకూ అంతే. మామిడికాయ తొక్కు, కారప్పొడి, నూనెలో వేయించిన సకినాలు నిరభ్యంతరంగా పెట్టవచ్చు. తొక్కు సీసాకు మూత బిగించి, చేతి సంచిలో కాక చెక్-ఇన్ పెట్టెలోనే సర్దండి.