గణనయంత్ర సముదాయములు – కల్పిత యంత్రములు



నేటి నా ప్రసంగవిషయము పేరునకు క్రొత్తదే గాని, అందలి చిక్కు మీకు చిరపరిచితము. చెరువొకటి, ఆయకట్టు రైతులు పలువురు. నీరెవరికి, ఎప్పుడు, ఎంత విడువవలెననునదియే ఆ చిక్కు.

తుపాను గమనమును ముందుగా నెరుగుటకు కోట్లకొలది లెక్కలను స్వల్పకాలమున చేయవలసియుండును. అది యొక కంప్యూటరునకు సాధ్యము కాదు. కావున పెక్కు కంప్యూటరులను వేగముగల తీగలతో కలిపి యొకే పనికి నియోగింతురు. ఈ సముదాయమునకు క్లస్టరని పేరు. 1994లో అమెరికాలోని నాసా సంస్థవారి గొడ్డార్డు కేంద్రమున థామస్ స్టెర్లింగు, డొనాల్డ్ బెకర్ అనువారు బజారున దొరకు సామాన్య ప్రాసెసరులు 16 కూర్చి 'బేవుల్ఫ్' అను క్లస్టరును నిర్మించిరి. అల్పవ్యయమున మహాగణనము సాధ్యమని యందువలన తేలినది.

అయినను ఒక శాస్త్రజ్ఞుని ప్రోగ్రాము పాత ఆపరేటింగు సిస్టము క్రిందనే నడచును. వేరొకనిది క్రొత్తదానినే కోరును. ఒకవైపు యంత్రము లూరకయుండగా, మరియొకవైపు పనులు బారులుతీరి వేచియుండును. ప్రజాధనముతో కొనిన యంత్రము లిట్లుండుట దుర్వ్యయము గాదా?

దీనికొక ఉపాయము వర్చ్యువలైజేషను, అనగా కల్పిత యంత్రవిధానము. యథార్థ యంత్రమునకును ఆపరేటింగు సిస్టమునకును నడుమ హైపర్‌వైజరను ప్రోగ్రాము నిలుచును. ఇది నీరుగంటి వంటిది. ప్రాసెసరు కాలమును, జ్ఞాపకస్థానమును వంతులువేసి యిచ్చుచు, ఒకరి భాగము నింకొకరు తాకకుండ కాచును. ప్రతి పనియు తనకొక ప్రత్యేక యంత్రము గలదన్నట్లు నడచును. ఒక యంత్రము మరమ్మతునకు వచ్చినచో, అందలి కల్పిత యంత్రమును పని యాగకుండగనే వేరొకదానిపైకి మార్చవచ్చును. ఈ యూహ నేటిది కాదు, ఐ.బి.ఎం. సంస్థ 1972లోనే వి.ఎం./370 అను పేర దీనిని లోకమున కందించినది.

అయితే నీరుగంటి నీటిని పంచునే గాని, లేని నీటిని పుట్టింపజాలడు. పైగా పంపకమునకును ఖర్చు గలదు. నేను ఒకే గదిలో మూడు తరగతులకు పాఠము చెప్పినవాడను. ఒక తరగతి నుండి మరియొకదానికి మరలునప్పుడెల్ల కొంతకాలము వ్యర్థమగును. క్లస్టరునందు ఈ నష్టము మరింత బాధించును. పల్లకి మోయు బోయీలలో నొకడు తడబడినచో తక్కినవారును ఆగవలసినదే. అట్లే పరస్పరము వార్తలు పంపుకొనుచు నడచు లెక్కలలో ఒక యంత్రము వెనుకబడిన అన్నియు వేచియుండును.

ఇందులకు నిదర్శనము కలదు. అమెరికా ఇంధనశాఖవారు 2009 మొదలు 2011 వరకు 'మెజెలాన్' అను పరిశోధన జరిపి, ఇట్టి లెక్కలు కల్పిత యంత్రములపై మిక్కిలి మందగించుననియు, ఒకదానితో నొకటి సంబంధములేని పనులకు నష్టము స్వల్పమనియు కనుగొనిరి. కాని సాండియా ప్రయోగశాలవారి 'రెడ్ స్టార్మ్' మహాయంత్రమున, 4096 యంత్రములపై 'పాలసియోస్' అను హైపర్‌వైజరును పరీక్షింపగా, నష్టము నూటికి 5కు మించలేదని 2011లో ప్రకటించిరి. కావున దోషము కల్పనయందు గాక, కూర్పునందే యున్నదని గ్రహింపవలెను.

నడిమిత్రోవ యొకటి కలదు, అది కంటెయినరు. వేరింటి కాపురమునకు బదులు, అన్నదమ్ములు ఒకే కప్పు క్రింద వేరు పొయ్యిలు పెట్టుకొనుట వంటిది. ఆపరేటింగు సిస్టము యొక్క మూలభాగము ఉమ్మడి. తక్కిన సామగ్రి ఎవరిది వారిదే. అందుచే ఖర్చు తక్కువ, గోడయు పలుచనే. క్లస్టరుల కొరకే 2015లో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలయందు గ్రెగొరీ కర్ట్‌జర్ 'సింగ్యులారిటీ' అను కంటెయినరు పద్ధతిని ఆరంభించెను. 2021లో అది 'ఆప్‌టైనర్' అను పేరు దాల్చినది.

నా తాత్పర్యమిది: విడివిడి పనులకు కల్పిత యంత్రము మేలు, అడుగులో అడుగువేసి నడచు లెక్కలకు కంటెయినరో, యథార్థ యంత్రమో తగును. పాత్ర మెరిగి పంచుటయే పంపకమునకు ధర్మము. ఇంతటితో విరమించుచున్నాను.