చింపిన కాగితాల్లో ఒక ముఖం

దగ్గరికి వెళ్తే ముఖం కనబడదు. చింపిన పత్రికల ముక్కలు, వాటి అంచుల తెలుపు, మధ్య మధ్య రంగు పూతలు, అంతే. నాలుగడుగులు వెనక్కి వేస్తే ఒక పిల్లవాడు మనల్నే చూస్తుంటాడు.

ఉగాండాలో 1985లో పుట్టి జొహన్నెస్‌బర్గ్‌లో పనిచేసిన బెనన్ లుటాయా బొమ్మల తీరు ఇది. 2011లో ఆ నగరానికి చేరినప్పుడు రంగులు కొనే స్తోమత లేక, పారేసిన కాగితాలు ఏరి అతికించడం మొదలుపెట్టాడు. చేయి తిరిగాక కూడా కాగితాన్ని వదల్లేదు. 2019లో, నలభై ఏళ్లు నిండకుండానే కన్నుమూశాడు.

రాబర్ట్‌సన్‌పేట పిల్లలకు ఈ చిత్రకారుణ్ణే చూపడానికి మాకొక కారణం ఉంది. 1886లో బంగారం బయటపడ్డాక పుట్టిన ఊరు జొహన్నెస్‌బర్గ్. మన దగ్గర జాన్ టేలర్ కంపెనీ 1880లో అడుగుపెట్టింది. అక్కడా గని మట్టి దిబ్బలున్నాయి, ఇక్కడా సైనైడ్ దిబ్బలున్నాయి. ఆ ఊరు మహానగరమైంది, మన గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి.

మొదటిసారి పాఠం మేమే చెడగొట్టాం. బోర్డు మీద ‘ఆఫ్రికా చిత్రం’ అని రాసి, ‘ఇది ఏం చెబుతోంది?’ అని అడిగాం. తరగతి మూగబోయింది. చివరికి ఒకడు, ‘ఆకలిగా ఉండాడు సార్’ అన్నాడు. ఎలా తెలిసిందిరా అంటే, ‘ఆఫ్రికా కదా సార్!’ బొమ్మలో ఆకలి ఎక్కడా లేదు. 54 దేశాల ఖండాన్ని ఒక్క మాటకు కుదించి బోర్డుకెక్కించింది మేము. వాడు దాన్నే చదివాడు.

మరుసటి వారం పేరు, ఊరు ఏవీ చెప్పలేదు. రెండే ప్రశ్నలు: ఏం కనబడుతోంది? ఎక్కడ కనబడుతోంది? కంటి చుట్టూ ముక్కలు చిన్నవి, నుదుటి మీద పెద్దవి అని ఒక అమ్మాయి పట్టేసింది. చెంప మీద చింపులన్నీ కిందికే జారుతున్నాయంది ఇంకొకతె. ‘పగిలినోణ్ణి అతికించినారు’ అని ఒకడంటే, ‘కాదు, వానొస్తే నానిపోతాడు’ అని పక్కవాడు. రెండింటినీ ఒప్పుకున్నాం, ఎందుకంటే ఇద్దరూ కాగితాన్ని చూపించారు. ‘ఏడుస్తున్నాడు’ అన్నవాణ్ణి మాత్రం కన్నీరు ఎక్కడుందో చూపమన్నాం. చూపలేక తానే నవ్వేశాడు.

తర్వాత ఇంట్లోని పాత కాగితాలు తెమ్మన్నాం. వచ్చినవి చూస్తే ఊరంతా బల్ల మీదికి వచ్చినట్లయింది. తెలుగు పెళ్లి పత్రిక, తమిళ దినపత్రిక, కన్నడ కేలండర్, ఉర్దూ కరపత్రం. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ అక్షరాల దగ్గర తడబడే పిల్లలు, ముక్కను తలకిందులుగా పట్టుకుని ‘ఇది ళ-నా, శ-నా?’ అని వాదులాడుకున్నారు. వాచకం ముందు పెట్టి అడిగితే ఇంత పట్టుదల ఎన్నడూ చూడలేదు మేము.

ఒక పాప తన తాత ముఖం చేస్తానంది. ఆయన గనిలో పనిచేసినవాడు. అప్పటి జీతం చీటీని చెంపకు అతికించాలని ఆశపడితే, వాళ్లమ్మ ఇవ్వనంది. అమ్మదే న్యాయం. తల్లిదండ్రులకు మా మనవి కూడా అదే: గని కాలపు కాగితాలు, సర్వీసు పత్రాలు, పాత ఫోటోలు పిల్లల చేతికి ఇవ్వకండి. జిరాక్స్ తీయించి ఇవ్వండి, దాన్ని చింపుకోనివ్వండి. అంటించడానికి మైదా బంక చాలు, అడుగున పాత అట్టపెట్టె ముక్క ఉంటే సరి. కత్తెర వద్దు. చేత్తో చింపితేనే అంచున తెల్లటి గీత వస్తుంది, ముఖానికి వెలుగునిచ్చేది ఆ గీతే.

జిరాక్స్ ముక్కతోనే తాత తయారయ్యాడు. బొమ్మను చూడడానికి వాళ్ల అవ్వ బడికి వచ్చింది. దగ్గరగా చూసి, ఏమీ తెలియలేదంది. వెనక్కి జరగమన్నాం. తలుపు దాకా వెళ్లి, చాలాసేపు నిలబడి, ‘మీ తాత కండ్లు ఇంత పెద్దవి కాదే పాపా’ అంది.

పాప ఇప్పుడు కళ్లు ఊడదీసి మళ్లీ చేస్తోంది.