అడిగి తెచ్చిన దేహం

వాషింగ్టన్‌లోని ఫ్రాన్సిస్కన్ మఠం చర్చిని 1899లో ప్రతిష్ఠించారు. యెరూషలేములోని క్రీస్తు సమాధికి నమూనా అక్కడుంది. దాని ముందు నిలబడితే యోసేపే గుర్తొస్తాడు.

సిలువపై ప్రాణం విడిచేనాటికి యేసుప్రభువు పెరిగిన నజరేతు ఎంతో దూరం. శిష్యులు చెదిరిపోయారు. మరి దేహాన్ని అడిగేదెవరు? అరిమతయియ యోసేపు తెగించి పిలాతు దగ్గరికెళ్లాడు. తనకోసం రాతిలో తొలిపించుకున్న కొత్త సమాధినే ఇచ్చేశాడు. నీకొదేము బోళం, అగరు తెచ్చాడు. విశ్రాంతిదినం మొదలయ్యేలోగా నారబట్టలు చుట్టి పని ముగించారు.

ఇక్కడ మనవాడొకడు కన్నుమూస్తే డెత్ సర్టిఫికెట్, ఎంబామింగ్ సర్టిఫికెట్, కాన్సులేట్ అనుమతి కావాలి. రక్తసంబంధం లేకున్నా డ్యూటీ మానుకుని వాటికోసం తిరిగేవాడే మన యోసేపు.

పునరుత్థానం ఆదివారం సంగతి. శుక్రవారం సాయంత్రం మాత్రం ఎవరో ఒకరు వెళ్లి అడగాలి కదా!