పేరు కొట్టేయను

సంక్రాంతి దాటాక మా బడి హాజరు పట్టీ చూస్తే ఊరి పరిస్థితి తెలిసిపోతుంది. మాది కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఓ పల్లె. వానను నమ్ముకున్న నేల. ఖరీఫ్ పంట ఇల్లు చేరాక చేతికి పని దొరకదు. జనం గుంటూరు వైపు మిరపకాయ కోతలకు కదులుతారు. ‘సుగ్గికి పోతున్నాం మేడమ్’ అని చెప్పి, బియ్యం మూటలు, వంట గిన్నెలతో పాటు పిల్లలనూ బండెక్కిస్తారు.

‘నెలల తరబడి రాని పిల్లల పేర్లు ఇంకా ఎందుకు?’ అని నన్ను చాలామంది అడుగుతుంటారు. నేను కొట్టేయను. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనూ బడి నుంచి తీసేయకూడదు. చట్టం అలా చెప్పకపోయినా నా పద్ధతి ఇదే. వలస పోవాలని నిర్ణయించింది పిల్లలు కాదు. దానికి శిక్ష వాళ్ళకు పడకూడదు.

తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా మాట్లాడటం కూడా ఈ చట్టం టీచరుకు అప్పగించిన పనే. పగలు వెళ్తే ఇళ్ళకు తాళాలుంటాయి కాబట్టి నేను రాత్రిపూట వెళ్తాను. ఓసారి ఎనిమిదో తరగతి పాప ఇంటికి వెళ్ళేసరికి తల్లి రొట్టెలు కాలుస్తోంది. ‘మేం కోతకు పోతే చిన్నోణ్ణి ఎవరు చూస్తారు మేడమ్? అందుకే దీన్నీ తీసుకపోతాం’ అంది. ఆ ప్రశ్నకు జవాబు లేకుండా చదువు గొప్పతనం ఎంత చెప్పినా ఆమెకు ఒరిగేదేముంది? పిల్లాడికి మూడేళ్ళు. పగలు అంగన్‌వాడీలో, సాయంత్రం అవ్వ దగ్గర ఉండేలా అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. వలస కుటుంబాల పిల్లల కోసం సమగ్ర శిక్ష నడిపే సీజనల్ హాస్టల్లో పాప చేరింది. ఆ ఏడు పరీక్షలు రాసింది.

అందరినీ ఆపలేం. వెళ్ళినవాళ్ళు ఎండాకాలం మొదట్లో తిరిగొస్తారు. మిరప ఘాటుకు వేళ్ళ కొసలు మండుతుంటే పెన్ను సరిగ్గా పట్టుకోలేరు. పొరపాటున ఆ చేత్తో కళ్ళు నులుముకుంటే ఇక ఏడుపే. అలా వచ్చిన పిల్లను నిలబెట్టి ‘ఇన్నాళ్ళు యాడికి పోయినావు?’ అని తరగతి ముందు నిలదీస్తే మర్నాడు రాదు. కొట్టడమే కాదు, మాటలతో మనసు గాయపరచడమూ చట్టం నిషేధించింది. నేను ముందు పక్కన కూర్చోబెట్టుకుని, ఎక్కడ ఆగిపోయిందో చూసి, అక్కడి నుంచి మొదలుపెడతాను. వెనకబడిన పిల్లకు విడిగా చెప్పడం మనం చూపే దయ కాదు, మన ఉద్యోగం.

బడి బయట ఉన్న ప్రతి పిల్లనూ బాలకార్మికురాలిగానే లెక్కించాలని బాలల హక్కుల కార్యకర్త శాంతా సిన్హా, ఆమె నడిపిన ఎం.వి. ఫౌండేషన్ ఎన్నో ఏళ్ళుగా చెబుతూ వచ్చారు. పొలాల్లో, పశువుల వెంట ఉన్న పిల్లలను బడి బాట పట్టించిన ఆ కృషికి 2003లో ఆమెకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. పేద తల్లిదండ్రులకు చదువు మీద ఆశ లేదన్న మాట అబద్ధమని ఆ పని రుజువు చేసింది. నేను రాత్రుళ్ళు తిరిగే ఇళ్ళలోనూ అదే చూస్తున్నాను.

గుంటూరు, పల్నాడు రైతులకు ఒక విన్నపం. మీ చేలోకి కోతకు వచ్చిన కుటుంబంతో బడి ఈడు పిల్లలుంటే దగ్గర్లోని ప్రభుత్వ బడికి తీసుకెళ్ళండి. టీసీ లేదనో, వయసు ధ్రువపత్రం లేదనో చేర్చుకోకుండా ఉండటానికి చట్టం ఒప్పుకోదు. ఈడుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టాలి. పిల్లలతో పని చేయిస్తున్నట్టు కనిపిస్తే 1098కి ఫోన్ చేయండి. ఇక్కడ మా పట్టీలో ఆ పేరు అలాగే ఉంటుంది. అక్కడ ఆ పిల్లకు కూర్చునే చోటు మీరు చూపించండి.